మూడో బాన

తొకీయె అనుమానపు మనిషని ఆ ఏటిగట్టు వీధిలో అందరికీ తెలుసు. చేపలవాడు తూచేటప్పుడు త్రాసు కిందికి వంగి చూస్తుంది. తపాలా మనిషి కవరు ఇస్తే అంతకు ముందే ఎవరైనా విప్పారేమోనని అంచులు తడుముతుంది. అరవై ఎనిమిదేళ్ళు వచ్చేసరికి ఆమెకు లోకంలో నమ్మకం ఒక్కచోటే మిగిలింది. రంగుల షెడ్డులో మెడదాకా నేలలో పాతిన నాలుగు నీలిమందు బానల్లో మూడోది అది, అత్తగారు అప్పగించి వెళ్ళినది.

ఇరవై రెండేళ్ళకు ఆ ఇంటికి కోడలుగా వచ్చిన మర్నాడే అత్తగారు ఆ బానలో వేలు ముంచి ఆమె నోటి దగ్గర పెట్టింది. నాలుక చుర్రుమంది.

"ఆ చురుకు గుర్తుపెట్టుకో. తగ్గితే ఆల్చిప్పల సున్నం వెయ్యి, పెరిగితే ఆగు. నీకింకో చదువు అక్కర్లేదు" అంది అత్తగారు.

నలభై ఆరేళ్ళుగా తొకీయెకు అదే చదువు. పొద్దున లేవగానే బాన మూత తీసి, వేలు ముంచి, నాకి, ఉమ్మేసి, అప్పుడు గాని ఇంట్లోకి వచ్చి టీ పెట్టదు.

అలాంటి మనిషి దగ్గరకు ఊరి కార్యాలయం నుంచి మియోషి వచ్చి, విదేశాల నుంచి విద్యార్థులు మూడు వారాలు కళలు నేర్చుకోవడానికి వస్తున్నారనీ, ఒకమ్మాయిని ఆమె దగ్గర పెడతాననీ చెప్పాడు.

"మూడు వారాల్లో ఏం నేర్చుకుంటారయ్యా?"

"చివర్లో సర్టిఫికెట్టిస్తామమ్మా. ఇచ్చాక నేర్చుకున్నట్టే కదా" అని నవ్వాడు మియోషి.

వచ్చిన పిల్ల పేరు దాంబి. కొరియాలో నాజు ఊరు. ఎండబెట్టిన పెర్సిమన్ పళ్ళు తెచ్చి రెండు చేతులతో అందించింది. తొకీయె పళ్ళు చూడలేదు, గోళ్ళు చూసింది. అంచుల్లో సన్నగా నీలం.

"ఏమ్మా, గోళ్ళకా రంగేంటి?"

"మా అమ్మమ్మ కూడా నీలిమందు అద్దేదండీ."

ఇంకేముంది, అనుమానం అంటుకుంది. ఇంట్లోనే బాన ఉన్న పిల్ల సముద్రం దాటి ఇక్కడికెందుకొచ్చినట్టు? పైగా తొకీయె వేలు నాకిన ప్రతిసారీ ఆ పిల్ల నోట్‌బుక్కులో ఏదో గీకేది. అది కొరియా అక్షరాల్లో ఉండటంతో చదువుదామన్నా చేతకాదు.

రెండో వారంలో బాన అలిగింది. పైన తేలే నీలి నురుగు పువ్వు రోజురోజుకీ చిన్నదైంది. తొకీయె నాకి చూస్తే చురుకు లేదు. సున్నం వేసింది. మర్నాడూ లేదు. మళ్ళీ వేసింది. ఆగస్టు పండుగలో నాట్యం చేసే జట్టుకు ఇరవై అంగీల గుడ్డ అద్ది ఇవ్వాలి. ముంచి తీస్తే పదేళ్ళు ఉతికిన దుప్పటిలా వెలిసి వచ్చింది. బాన చచ్చిపోతోందన్న భయంతో ఆమెకు అన్నం సయించలేదు.

ఇంట్లోనూ ప్రశాంతత లేదు. భర్త కంజి సోయా ముద్దతో కాచే మిసో చారులో రోజూ కెటిల్ వంచి వేడినీళ్ళు కలుపుకుంటున్నాడు.

"నా చారు నచ్చకపోతే నోరు తెరిచి చెప్పొచ్చుగా."

"వేడిగా ఉంటే బాగుంటుందని" అన్నాడు గిన్నెలోకి చూస్తూ. నిన్న సాయంత్రం ఈయన ఆ పిల్లతో వరండాలో గుసగుసలాడటం తొకీయె చూసింది. ఇద్దరూ కలిశారా ఏమిటి?

ఆ రోజు మూడో బాన మూతకు నీలిదారం కట్టింది. మర్నాటికి దారం ఉంది గాని ముడి తనది కాదు. ఆ తర్వాతి తెల్లవారుజామున వెళ్ళి గడ్డిమోపుల వెనక కూర్చుంది. దాంబి వచ్చింది. ముడి విప్పి, మూత తీసి, గిన్నెలోది బానలో పోసి నెమ్మదిగా కలిపింది. వేలు ముంచి నాలుకకు రాసుకుని, మొహమంతా వికారంగా పెట్టి ఉమ్మేసింది.

"ఏం పోశావే?" అంటూ తొకీయె లేచింది.

"గోధుమపొట్టు జావండీ."

"ఎవరు పొయ్యమన్నారు?"

పిల్ల మూత మళ్ళీ బాన మీద పెట్టింది.

"మీ అమ్మమ్మ చెప్పి పంపిందా, నా బాన చెడగొట్టి రమ్మని?"

"మా అమ్మమ్మ బాన రెండేళ్ళ కిందటే చచ్చిపోయిందండీ."

"అందుకని నా దాని మీద పడ్డావన్నమాట."

మధ్యాహ్నానికల్లా మియోషి వచ్చి ఆ పిల్లనూ సంచినీ సమావేశ మందిరానికి తీసుకుపోయాడు. సర్టిఫికెట్టు ఇవ్వడం కుదరదని తొకీయె ఎదుటే ఆ పిల్లకు చెప్పాడు. తొకీయెకు హాయిగా అనిపించింది.

ఆ హాయి నాలుగు రోజులు నిలవలేదు. పిల్ల పోయినా బాన కోలుకోలేదు. నురుగు పూర్తిగా పోయింది. నాలుగో రోజు పొద్దున, పొగలు కక్కుతున్న చారులో కంజి మళ్ళీ కెటిల్ వంచాడు.

"పొగలొస్తుంటే ఇంకా వేడినీళ్ళేంటండీ?"

కంజి కెటిల్ కింద పెట్టాడు. "ఉప్పు. వసంతకాలం నుంచీ నోట పెట్టుకోలేకపోతున్నాను."

"మరి చెప్పరేం?"

"చెబితే మిసోలో ఎవరో ఉప్పు కలిపారంటావు. కొట్టువాడి మీదికి యుద్ధానికి పోతావు. ఆ పిల్లా వరండాలో ఇదే అడిగింది, చారు ఉప్పగా ఉంటోందా అని."

తొకీయె జాడీలోంచి ఉప్పులో ఊరిన ఉమె అనే పుల్లటి పండు తీసి నోట్లో వేసుకుంది. తడిగుడ్డ నమిలినట్టుంది. ఇంకోటి వేసుకుంది. అదీ అంతే. గడ్డిమోపుల వెనక నుంచి తాను చూసిన ఆ పిల్ల మొహం గుర్తొచ్చింది. చురుకు లేని నీళ్ళకు ఎవరైనా మొహం అలా పెడతారా? సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి.

బానలోంచి చిన్న గిన్నెతో నీళ్ళు ముంచుకుని, కట్టుకున్న ఏప్రన్‌తోనే మందిరానికి నడిచింది. అక్కడ వీడ్కోలు సభకు కుర్చీలు వేస్తున్నారు. దాంబి ఒక మూల కూర్చుని కాగితాలు మడుస్తోంది. తొకీయె ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని గిన్నె పెట్టింది.

"నాకు తెలియడం లేదు. నువ్వు చూసి చెప్పు."

దాంబి వేలు ముంచి నాకింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "సున్నం చాలా ఎక్కువైపోయిందండీ, జావ పోస్తేనే విరుగుతుంది. మా అమ్మమ్మకూ నాలుక రుచి పోయి, బాన ఇలాగే..."

"ఆవిడకెవరూ చెప్పలేదా?"

"నాకొక్కదానికే తెలుసండీ. చెప్పలేకపోయాను."

తొకీయె ఆ నీలి అంచుల గోళ్ళ వంక చూసింది. తర్వాత మియోషిని కేకేసి, సర్టిఫికెట్టు మీద ఈ పిల్ల పేరు రాయమంది.

"బస్సెన్నింటికమ్మా?"

"నాలుగింటికండీ."

"ఇంకా చాలా టైముంది. పద, జావ కాద్దాం. మూత నువ్వే తియ్యి."