గట్టమ్మ దగ్గర ఆగిన వ్యాన్

దయ్యాల్లేవని పందెం కాసి శ్మశానంలో పడుకొని వచ్చినవాణ్ణి నేను. సరే, పడుకోలేదు. గోడ దాకా వెళ్ళొచ్చాను. కానీ నమ్మకం మాత్రం అప్పుడూ లేదు.

ఎనభైల్లో మాట. కాశిబుగ్గలో మాకు రెండు మగ్గాలుండేవి. జంపఖానాలు నేసి, బస్సు టాప్ మీద వేసుకొని ములుగు అంగడికి పోయేవాణ్ణి. వానొస్తే రంగులన్నీ కారిపోయేవి. ఇంకో వానాకాలం అట్లాగే గడిస్తే మగ్గం అమ్ముకోవాల్సిందే. అప్పుడే మా వాడలోని కొమురయ్య, చనిపోయిన తన అన్న నడిపిన పాత డీజిల్ వ్యాన్ అమ్ముతానన్నాడు. హన్మకొండలో ఇంకో బేరం ఉందట. మర్నాడు సాయంత్రంలోగా మాట చెప్పమన్నాడు.

మా బావమరిది సాంబయ్య చూడగానే, "తీస్కో బావా! జర రంగేస్తే పెండ్లిపిలగాని లెక్క ఉంటది" అన్నాడు.

"పెండ్లి దానికా, నీకా?" అన్నాను.

నడిపి చూద్దామని మర్నాడు పొద్దున్నే ములుగు వైపు బయలుదేరాం. కొమురయ్య స్టీరింగ్ పట్టాడు. నేను పక్క సీట్లో. సాంబయ్య వెనక, ఇనుప జాలీకి అవతల. ములుగు ముందర గట్టమ్మ గుడి దగ్గర ప్రతి బండీ ఆగి, దండం పెట్టుకొని పోతుంది. కొమురయ్య ఆపలేదు. ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదేమో, బేరం చెడుతుందేమో అని భయం కాబోలు.

గుడి దాటుతుండగా ఇంజన్ ఆగిపోయింది. గంటలు వాటంతటవే మోగాయి. గుప్పున అగరబత్తి వాసన!

కాదులెండి. గంటలూ వాసనా చెప్పగా చెప్పగా నేను కలిపినవి. ఇంజన్ ఆగింది మాత్రం నిజం.

ఆ డీజిల్ బండి తాళం తిప్పితే ఆగేది కాదు. స్టీరింగ్ పక్కనున్న నాబ్ బయటికి లాగాలి. చూస్తే అది పూర్తిగా లాగి ఉంది. కొమురయ్య రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. నేను తలుపు పట్టుకొని కూర్చున్నాను.

"మా అన్న ఈడ ఆపకుంట ఒక్కనాడు పోలే, కాకా" అన్నాడు కొమురయ్య, పాలిపోయిన మొహంతో. దిగి దండం పెట్టుకున్నాడు. నాబ్ లోపలికి నొక్కి తాళం తిప్పితే ఇంజన్ వెంటనే అందుకుంది.

దారంతా నాకు గజిబిజే. ఆ పోయినాయన బండిని తీసుకొమ్మంటున్నాడా, ముట్టుకోవద్దంటున్నాడా? సాంబయ్య మంచి శకునమన్నాడు. ఇంటికొచ్చాక మా ఆవిడ, "పరాయోని పానం సుట్టుకున్న బండి మనకెందుకు?" అంది. సాయంత్రం వద్దని చెప్పాను.

ఆ వానాకాలం ఒక మగ్గం పోయింది.

తర్వాత ఒకసారి ములుగు అంగట్లో ఆ వ్యాన్ కొన్నతను కనబడితే, గట్టమ్మ దగ్గర బండి దానంతటదే ఆగుతుందా అని అడిగాను.

"దానంతటది ఆగుడేందన్నా? నేను నాబ్ గుంజినా ఆగుతలేదు!" అని నవ్వాడు.

మరి ఆ రోజు దాన్ని ఎవరు లాగారో, నాకు ఏం చెబుదామని లాగారో ఇప్పటికీ అంతుబట్టదు. ఈ మాటలో మాత్రం నేనేమీ కలపలేదు.