రాసుకునేదాకా ఆగిన మాట

ఈ పొద్దున జగిత్యాలలో మా ఇంటి ఎదుట ఎవరో మైకు కట్టారు. మాట మొదలయ్యే ముందు అది కీచుమంటుంది కదా, ఆ చప్పుడుకు చాయ్ గ్లాసు పక్కన పెట్టి, తెలియకుండానే నిటారుగా కూర్చున్నాను. ఇన్నేళ్లయినా మైకు కీచుమంటే రాజేశం కాక మాట్లాడబోతున్నట్టే ఉంటుంది నాకు. ఆయన గురించి చెప్పుకుందామంటే ఈ ఊళ్లో ఆయన్ను ఎరిగినవాళ్లు ఒక్కరూ లేరు.

కాక సిరిసిల్లలో మా వాడకట్టు మనిషి. సాంచాలనే మరమగ్గాల మీద బట్ట నేసి, కార్మికుల కోసం కొట్లాడి, చివరికి ఒక పార్టీలో నాయకుడయ్యాడు. డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న నన్ను పిలిచి ఉపన్యాసాలు రాసిపెట్టమన్నాడు. నేను పేజీలకు పేజీలు రాస్తే పెద్ద మాటలన్నీ కొట్టేసేవాడు. "గింత గట్టి మాటలు నా నోట్లె తిరుగయి బిడ్డా" అని నవ్వేవాడు. నాకు ఉడుకుమోత్తనం వచ్చేది.

అన్నలు అడవిలో, పోలీసులు ఊళ్లో ఉన్న రోజులవి. ఏ సభ జరిగినా వేదిక ముందు ఒక పోలీసు జమేదారు కూర్చుని, మాట్లాడిందంతా రాసుకునేవాడు. అతన్ని చూసి మిగతా నాయకులు గొంతు తగ్గించేవారు, లేదా గబగబా చెప్పి గట్టెక్కేవారు. కాక మాత్రం ప్రతి వాక్యం తర్వాత ఆగేవాడు. "రాసుకున్నవా జమేదార్ సాబ్? తొందరేం లేదు. నువ్వు రాసినంకనే ఇంకో మాట చెప్త" అనేవాడు. జనం పగలబడి నవ్వేవారు. ఒకసారి కోరుట్లలో పాట పాడినందుకు ఇద్దరు యువకులను పట్టుకుపోయారు. అప్పుడు అధికారంలో ఉన్నది ఎదుటి పార్టీ. "పాటకు బేడీలేసే చట్టం మాకద్దు. రాసుకో. నా పేరు గుడ రాసుకో" అన్నాడు కాక. పక్కనే నిలబడ్డ మా పార్టీ పెద్ద నాయకుడు అందరికంటే ఎక్కువగా చప్పట్లు కొట్టాడు.

తర్వాత మా పార్టీయే గెలిచింది. ఆ నాయకుడు అధికారంలోకి రాగానే పాటగాళ్ల మీద ఇంకా గట్టి చట్టం కావాలన్నాడు. సిరిసిల్ల సభలో మైకు అందుకుని, రంగుల అద్దకం చేసే ముస్లింల గల్లీ వైపు వేలు చూపించాడు. వాళ్లను తరిమితేనే మీ బతుకులు బాగుపడతాయన్నాడు. ఇక్కడ రాయలేని మాటలు ఇంకా అన్నాడు. ఈలలు మోగాయి. నేను జమేదారు వైపు చూశాను. కలం అతని జేబులోనే ఉంది. కాక కూడా చూసినట్టున్నాడు, లేచి మైకు దగ్గరికి వెళ్లాడు.

"రాస్తలేవేంది జమేదార్ సాబ్? జర కలం తియ్యి. సారు ఏమన్నడో నేను మెల్లగ చెప్త."

నాయకుడి మాటలను ఒక్కొక్కటే చెప్పి, ప్రతిసారీ ఆగాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. అంత మెల్లగా వింటే ఆ మాటలు ఈల వేసినవాళ్లకే చేదుగా తగిలాయి. మర్నాడు కాక ఠాణాకు వెళ్లి ఫిర్యాదు ఇచ్చాడు.

సాయంత్రానికి కాక ఇంట్లో ఆ నాయకుడు ఉన్నాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"మాటలకు కేసులద్దన్నది నువ్వే గదా కాకా. నాకు మాట్లాడే హక్కు లేదా?"

"సర్కారును తిడితె సర్కారుకు ఏంగాదు, దానికి తుపాకులున్నయి. గా గల్లీలోళ్లకు ఏమున్నది? నువ్వు గుంపు ముంగట నిలవడి కొట్టుమన్నవ్. గది మాట గాదు, పని చెప్పుడు."

"ఫిర్యాదు వాపస్ తీస్కో. లేకుంటె పార్టీల ఉండవు."

"ముందుగాల నువ్వన్నది వాపస్ తీస్కో."

ఎవరూ వాపస్ తీసుకోలేదు. కేసు నిలవలేదు, కాక పార్టీలో మిగల్లేదు. అన్నలు ఆయన్ను ఓట్ల మనిషన్నారు, పోలీసులు అన్నల మనిషన్నారు. సాంచాల దోస్తులు రావడం మానేశారు. ఆ గల్లీవాళ్లు సైతం భయానికి తల తిప్పుకుని పోయేవారు. వాళ్ల భయం నాకు అర్థమైంది, కానీ ఆ తల తిప్పుకోవడాన్ని ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

పెళ్లయి జగిత్యాల వచ్చాక ఒకసారి చూడటానికి వెళ్లాను. అదే చివరిసారి అయింది. ఎదురుగా ఉన్నది నేనొక్కదాన్నే అయినా వాక్యం వాక్యానికీ ఆగుతున్నాడు.

"ఎవల కోసం ఆగుతున్నవ్ కాకా?"

"అలవాటైంది బిడ్డా. ఆగితెనే నేనేమన్ననో నాకు ఇనవడ్తది."

ఇంటికొచ్చి ఏడ్చాను.

ఈ పొద్దున మైకులో ఒక కుర్రగొంతు ఊపిరి తిప్పుకోకుండా అరవడం మొదలుపెట్టింది. కాసేపటికే ఎవరినో ఊళ్లోంచి తరమాలంది. చుట్టూ ఫోన్లు పైకెత్తి పట్టుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. నేను కలం, కాగితం పట్టుకుని గేటు దాటి వేదిక ముందుకు వెళ్లాను.

"జర మెల్లగ చెప్పు కొడుకా. రాసుకుంటున్న."

కుర్రవాడు ఆగాడు. నాతో ఎవరొచ్చారా అని నా వెనక చూశాడు. ఎవరూ రాలేదు. కలం మూత తీసి అతని తర్వాతి మాట కోసం నిలబడ్డాను.