తిరునాళ్ళ మిఠాయికి నేను కాసిన కాపలా

మా తోడికోడలంటే నాకు కుళ్ళు. అసూయ అని రాస్తే కాస్త మర్యాదగా ఉంటుందని తెలుసు. కానీ నాకున్నది అంత మర్యాదైనది కాదు. ఇప్పుడు ఆవిడ లేదు, నాకూ డెబ్బై దాటాయి, కనక ఉన్నమాట చెప్పుకోవడానికి అడ్డం లేదు.

పంధొమ్మిది వందల డెబ్బైల నడిమి సంగతి. తిరువూరులో మాది బస్సులు పోయే రోడ్డు మీద ఇల్లు. ఒకే కప్పు కింద రెండు వాటాలు, మధ్యలో వసారా. తూర్పు వాటా బావగారిది, పడమటి వాటా మాది. అన్నదమ్ములిద్దరిదీ కలిసిన వ్యవసాయమే: కాస్త వరి, కాస్త పత్తి, ఊరి బయట మామిడితోట. అత్తయ్య ఒక పూట అక్కడ తినేది, ఒక పూట ఇక్కడ. దేవుడి గూడు మాత్రం వసారాలో, ఇద్దరికీ కలిపి ఒకటే. తోడికోడల్ని నేను అక్కయ్య అనేదాన్ని. ఆవిడకి పిల్లల్లేరు. నాకు ఒక్కతే కూతురు, అప్పటికి నాలుగేళ్ళది.

అది నా కడుపున పుట్టి ఆవిడ ఒళ్ళో పెరుగుతోంది. నా ఏడుపంతా అదే. పొద్దున మొహం కడిగితే చాలు, "పెద్దమ్మా" అంటూ వసారా దాటేది. నేను జడ వేస్తే ఏడుపు, ఆవిడ వేస్తే కబుర్లు. ఇంటికొచ్చినవాళ్ళు "పెద్ద కోడలి పిల్లా?" అని అడిగేవాళ్ళు. "కాదండీ, నా పిల్లే" అని చెప్పేటప్పుడు నా మొహం ఎలా మాడేదో మావారు చాలాసార్లు చెప్పి నవ్వారు. పిల్లల్లేని మనిషి, పోనీలే అని జాలిపడొచ్చు కదా అంటారేమో. పడేదాన్ని, పిల్ల నా పక్కన పడుకుని నిద్రపోయాక.

ఫాల్గుణంలో గంపలగూడెం అవతల ఒక ఊళ్ళో తిరునాళ్ళు జరిగేవి. విస్సన్నపేట వైపు చుట్టాలంతా తిరువూరులో బస్సు మారాలి. మారేముందు మా ఇంట్లో దిగి, మజ్జిగ తాగి, ఒక కునుకు తీసి వెళ్ళేవాళ్ళు. వచ్చేటప్పుడు మళ్ళీ దిగేవాళ్ళు. తిరునాళ్ళ నుంచి వస్తూ చిన్నపిల్ల ఉన్న ఇంట్లో ఒట్టి చేతులతో అడుగుపెట్టడం ఎవరికైనా నామోషీ. ఆ నాలుగు రోజులూ మా ఇంటికి పొట్లాలే పొట్లాలు. గులాబీరంగు పంచదార చిలకలు, పళ్ళకి అతుక్కుపోయే జీళ్ళు, నిమ్మతొనలు, గోళీల్లాంటి తెల్ల పిప్పరమెంటు బిళ్ళలు. చీమలకీ పండగే, పిల్లకీ పండగే.

అంతకు ముందటేడు అదంతా తిని పిల్ల రెండు రోజులు కడుపు పట్టుకుని ఏడ్చింది. పక్కింటి పసివాడి గొంతులో బిళ్ళ అడ్డం పడితే వాణ్ణి తలకిందులు చేసి వీపు మీద చరచాల్సి వచ్చింది. అందుకని ఆ ఏడు మిఠాయి అంతా నా చేతిలో పెట్టుకుందామని నిశ్చయించుకున్నాను. భయం నిజమే. ఆ భయం కింద ఇంకోటి కూడా ఉందని అప్పుడు ఒప్పుకునేదాన్ని కాదు. తీపి నా చేతిలో ఉంటే పిల్ల నా చుట్టూ తిరుగుతుంది కదా.

ఉపాయం మా ఇంటి ఆచారంలోనే దొరికింది. దేవుడికి పెట్టకుండా తీపి నోట్లో వేసుకోవడం మా అత్తయ్య దగ్గర చెల్లదు. అది పట్టుకున్నాను. రోజూ పొద్దున ఒకే ఒక్కటి, చిలకో తొనో, గూట్లో పళ్ళెంలో పెట్టేదాన్ని. పిల్ల గంట కొట్టి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టి, అప్పుడు తినాలి. తిన్నాక నోరు పుక్కిలించాలి. రెండోది అడిగితే, "ఇంకా దేవుడు తినలేదే, తప్పు" అనేదాన్ని. అది నోరెత్తేది కాదు. నా తెలివికి అత్తయ్య కూడా మెచ్చుకుంది. తిరునాళ్ళ మిఠాయి ఉగాది దాకా వస్తుందంది.

అక్కయ్య వాటాలో మాత్రం నా చట్టం చెల్లలేదు. వచ్చిన పొట్లాల్లో సగం ఆవిడకీ వచ్చేవి కదా. పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చిలకని నాలుగు ముక్కలు చేసి, ఒక ముక్క నోట్లో పెట్టి, అది కరిగేదాకా లేవనిచ్చేది కాదు. గుండ్రటి బిళ్ళలైతే రోట్లో చితక్కొట్టి పెట్టేది. నోట్లో ఉండగా పరిగెత్తితే ఊరుకునేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే నాకంటే జాగ్రత్తే. అప్పుడు నాకు కనిపించింది ఒక్కటే, నా కూతురు నన్ను కాదని ఆవిడ చేతి తీపి తింటోంది.

"అక్కయ్యా, రోజుకి ఒకటే అని చెప్పాను కదా" అన్నాను ఓసారి, నవ్వు పులుముకుని.

"పావు ముక్కేనమ్మా. అదీ అడిగితేనే" అంది.

"అడిగినా పెట్టకు. దానికి పడదు."

ఆవిడ "సరేలే" అంది. ఆ "సరేలే"ని నేను నమ్మలేదు. చిలక రంగు నాలుకకి అంటుకుంటుంది, కాబట్టి సాక్ష్యం దొరకడం కష్టం కాదు. పిల్ల వసారా దాటి ఇటు రాగానే గడ్డం పట్టుకుని "ఏదీ, నాలుక చూపించు" అనేదాన్ని. ఎర్రగా ఉంటే రెండు తిట్లు, మర్నాటి ముక్క బంద్. మూడు రోజులు పోయేసరికి నేను కనపడితే చాలు పెదాలు బిగించడం నేర్చుకుంది. నాకు ఇంకా మండింది. ఆవిడే నేర్పి పంపుతోందనుకున్నాను.

అంతటితో ఊరుకోలేదు. వంటింటి అలమరలో ఉన్న పొట్లాలన్నీ తీసి మా పడగ్గదిలో నా ట్రంకుపెట్టెలో, పట్టుచీరల పక్కన పెట్టి తాళం వేశాను. నేను లేనప్పుడు ఆవిడ వచ్చి తీసి పెడుతుందేమోనని. చీరల మడతల్లో పురుగు పట్టకుండా కలరా ఉండలు వేసి ఉన్నాయి. తెల్లగా, గుండ్రంగా. పొట్లాలు కడుతున్నప్పుడు వాటి వాసన మిఠాయికి పడుతుందేమోనని మాత్రం అనుకున్నాను. ఆవిడ మీద ఉన్న ధ్యాసలో వందో వంతు వాటి మీద పెట్టి ఉంటే బాగుండేది.

ఆ వారంలోనే విస్సన్నపేటలో మా పినతల్లి కూతురి నిశ్చితార్థం వచ్చింది. ఆ రోజు పొద్దున, మధ్యాహ్నం బస్సుకి వెళ్దామని పెట్టె తెరిచి చీర తీశాను. మడత విప్పి దులిపితే నాలుగు ఉండలు నేలమీద దొర్లాయి. తర్వాత ఏరొచ్చులే అని, పెట్టె అలా తెరిచే ఉంచి, చీర పట్టుకుని పెరట్లో దండెం మీద ఆరెయ్యడానికి వెళ్ళాను. అక్కడుండగా వసారాలో గంట వినిపించింది. వేళకాని వేళ ఈ పూజేమిటా అనుకున్నాను. అత్తయ్యే అనుకుని ఊరుకున్నాను.

లోపలికి వచ్చేసరికి పిల్ల గూడు ముందు నిలబడి ఉంది. ఒక బుగ్గ ఉబ్బి ఉంది. నన్ను చూడగానే పెదాలు బిగించింది.

"ఏం తింటున్నావే? నాలుక చూపించు."

తల అడ్డంగా ఊపింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నేను గడ్డం పట్టుకుని నొక్కాను. ఇంకా బిగించింది. దాని మొహం అదోలా ఉందని గమనించనైనా లేదు. నా బుర్రలో ఒకటే తిరుగుతోంది: ఇంత చెప్పినా ఆవిడ మళ్ళీ పెట్టింది. ఈ రోజు తేల్చుకోవాల్సిందే అనుకున్నాను. రెక్క పట్టుకుని పిల్లని ఈడ్చుకుంటూ తూర్పు వాటాలోకి వెళ్ళాను. అక్కయ్య చేటలో కందిపప్పు ఏరుతోంది.

"దీనికి మళ్ళీ ఏం పెట్టావు అక్కయ్యా?"

"నేనేం పెట్టలేదే. పొద్దుట్నించీ ఇటు రానేలేదు."

"అబద్ధం దేనికి? బుగ్గ చూడు."

ఆవిడ చేట పక్కన పెట్టి, పిల్ల ఎదురుగా గొంతుక్కూర్చుని, తాపీగా అడిగింది. "ఏంటి బంగారం నోట్లో? బాగుందా?"

పిల్ల లేదన్నట్టు తల ఊపింది.

"బాగాలేకపోతే ఎందుకమ్మా తినడం. ఇక్కడ ఉమ్మెయ్" అని అరచెయ్యి పట్టింది.

పిల్ల నోరు తెరిచి ఆ అరచేతిలో ఉమ్మేసింది. తెల్ల ఉండ. వాసన గుప్పున కొట్టింది. కలరా ఉండ.

ఆ క్షణంలో నాకు మొదట భయం వేసిందని రాస్తే అబద్ధం అవుతుంది. నా దగ్గర బిగించిన నోరు ఆవిడ దగ్గర తెరిచిందే అని కుళ్ళు పుట్టింది, భయం దాని వెనకాల వచ్చింది. వెనకాల వచ్చినా గట్టిగానే వచ్చింది. అక్కయ్యే వేలికి పైటచెంగు చుట్టి పిల్ల నోరంతా తుడిచింది, నీళ్ళు పుక్కిలింపించింది, "ఎన్ని తిన్నావమ్మా?" అని అడిగింది. పిల్ల ఒక వేలు చూపించింది. "దేవుడికి పెట్టాను. గంట కూడా కొట్టాను" అంది, తప్పు చెయ్యలేదని చెప్పుకోవడానికి. దేవుడు తిన్నది ఏదైనా తినొచ్చని దానికి నేర్పింది నేనే.

అత్తయ్య విషానికి విరుగుడని పాలు కాచబోయింది. కాగేదాకా ఆగే ఓపిక ఎవరికీ లేదు. అక్కయ్య పిల్లని భుజాన వేసుకుని బస్టాండు దగ్గర డాక్టరు దగ్గరికి నడిచింది. వెనకాల నేను, చెప్పులు కూడా లేకుండా. డాక్టరుగారు ఆ ఉండని చూశారు. పైన తడిసిందే గాని పెద్దగా అరగలేదు.

"పాలుగానీ నూనెగానీ ఏమైనా పట్టారా?"

"లేదండి" అంది అక్కయ్య.

"మంచిపని చేశారు. కొవ్వు తగిలితే ఇది ఇంకా తొందరగా ఒంట్లోకి దిగుతుంది. రెండు మూడు రోజులు పట్టకండి, నూనె వంటలూ పెట్టకండి. మింగలేదు కనక ఫరవాలేదనే అనుకుంటున్నా. ఈ మూడు నాలుగు రోజులూ ఒంటేలు రంగు చూస్తూ ఉండండి. నల్లగా వచ్చినా, పిల్ల పాలిపోయినా, పచ్చబడినా వెంటనే పట్టుకురండి. ఇంతకీ తల్లి ఎవరు?"

"నేనండి" అన్నాను. ఆయన నన్నూ చూసి, పిల్లని ఎత్తుకున్న ఆవిడనీ చూశారు.

నిశ్చితార్థానికి వెళ్ళలేదు. నాలుగు రోజులు ఇద్దరం ఆ పిల్ల వెంట తిరిగాం. దొడ్డి వైపు వెళ్తే చాలు, ఇద్దరం లేచేవాళ్ళం. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే తేలిగ్గా ఉండేది, నేనూ నాలుగు అనేదాన్ని. పెట్టెలోని పొట్లాలన్నీ మావారు తీసుకెళ్ళి చెరువుకట్ట అవతల పారేసి వచ్చారు. కలరా ఉండలు ఏరి అటక మీదికి ఎక్కించారు. "మిఠాయికి తాళం వేసిన ఇల్లాలివి నిన్నే చూశాను" అన్నారు. ఆ మాటకి మాత్రం నవ్వలేదు, ఆయనా నవ్వలేదు.

నాలుగో రోజు పొద్దునకి అంతా మామూలుగానే ఉంది. పిల్ల గడపలో కూర్చుని గవ్వలాడుకుంటోంది. పక్కన కూర్చున్నాను.

"ఆ రోజు నేనడిగితే నోరెందుకు తెరవలేదే?"

"నువ్వు తిడతావు."

"పెద్దమ్మ తిట్టదా?"

"పెద్దమ్మ బాగుందా అని అడిగింది" అని మళ్ళీ గవ్వల్లో పడింది.

అన్ని రోజులు అన్ని తీపి ముక్కలు దాని చేతిలో పెట్టాను. బాగుందా అని ఒక్కసారీ అడగలేదు. ఎన్ని తిందో చెప్పగలను, ఏది ఇష్టమో చెప్పలేను. లేచి తూర్పు వాటాలోకి వెళ్ళాను. అక్కయ్య కుంపటి రాజేస్తోంది. దానికి అన్నిట్లోకీ ఏదంటే ఇష్టమని అడిగాను.

"దానికసలు తీపే అంత పట్టదమ్మా" అంది ఆవిడ, విసనకర్ర ఆపకుండా. "రెండు నాకులు నాకి, మిగతాది నా నోట్లో పెట్టేస్తుంది."

నా కూతురు నా నోట్లో ఎప్పుడూ ఒక్క ముక్క పెట్టలేదు. పెట్టడానికి దాని చేతిలో నేనేమైనా మిగిలిస్తే కదా.