చుక్క ఉన్న వజ్రం

ఒక పెద్దావిడ తన భర్త చావుకి తానే కారణమనుకుంటూ బతికింది. ఆవిడ అలా అనుకునేలా చేసింది నేను. ఈ రెండు ముక్కలు రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. రాశాక లేచి వెళ్లి మొహం కడుక్కుని వచ్చి మళ్లీ కూర్చున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకి చెప్పబోయిన ప్రతిసారీ నా తప్పు తక్కువగా కనిపించే చోట మొదలుపెట్టి, అక్కడే మాట మార్చేశాను.

బహ్రెయిన్ రాజధాని మనామాలో ఒక పాత నగల కొట్టులో పనిచేస్తాను. యజమాని ఇక్కడివాడే, ముత్యాల వ్యాపారం చేసిన కుటుంబం. ముత్యమైతే ఆయన చూస్తాడు, వజ్రమైతే నన్ను పిలుస్తాడు. దేశం విడిచి వెళ్లిపోయే తెల్లవాళ్లు అమ్మినవీ, ఇంగ్లండు నుంచి తెప్పించినవీ, ఎక్కువగా నిశ్చితార్థపు ఉంగరాలే మా దగ్గరకి వస్తాయి. ఉంగరం చేతిలో పెడితే ఏ కాలం నాటిదో చెప్పగలను. విక్టోరియన్ అయితే పచ్చటి బంగారం, పువ్వులు, పాములు, నడిమి రాయి చుట్టూ చిన్న రాళ్ల గుంపు. ఆ తర్వాత వచ్చిన, వందేళ్ల కిందటి ఎడ్వర్డియన్ అయితే ప్లాటినం, లేసు అల్లినట్టు సన్నటి జాలీ పని, అంచంతా ఆవగింజలో పావు వంతు కూడా లేని గుండ్ల వరస. ఆర్ట్ డెకో వచ్చేసరికి ఆ మెలికలన్నీ పోయి సూటి గీతలు, కోణాలు మిగిలాయి. నాకు ఎడ్వర్డియన్ ఇష్టం. కొట్టు తెరిచే ముందు వాటిని ఒక్కొక్కటే నా వేలికి పెట్టుకుని చూసుకుని, తీసి మళ్లీ అద్దాల పెట్టెలో పెట్టేదాన్ని. నాకంటూ ఎవరూ పెట్టలేదు. ఇది కూడా చెప్పాలి కదా.

ఆ కాలంలో వజ్రాల్ని చేత్తో సానపట్టేవారు. రాయి కింది మొనని సూదిలా వదిలేస్తే విరుగుతుందని కొద్దిగా అరగదీసి చదును చేసేవారు. పైనుంచి చూస్తే ఆ చదును రాయి నడుమ చిన్న గుండ్రటి చుక్కలా కనబడుతుంది. అది లోపం కాదు, రాయి పాతదనడానికి గుర్తు. పాత నగల మీద మోజున్నవాళ్లు ఆ చుక్క ఉందా అని అడిగి మరీ కొనుక్కుంటారు.

మనవాళ్ల సంగతి వేరు. వజ్రం అందరికీ పడదంటారు. కొనే ముందు చుక్క ఉందా, గీత ఉందా, కాకిపాదంలాంటి మచ్చ ఉందా అని తెలిసినవాళ్లకి చూపిస్తారు. కొన్నాక కూడా కొన్నాళ్లు ఇంట్లో పెట్టుకుని, ఏ చెడూ జరగకపోతేనే వేలికి పెట్టుకుంటారు. బహ్రెయిన్ వచ్చి ఆఫీసుల్లో పెద్ద పెద్ద ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు కూడా ఈ ఒక్క విషయంలో అమ్మమ్మల మాట దాటరు. అలా చూపించుకోవడానికి నా దగ్గరకి వచ్చేవాళ్లు. నేను చూసి చెప్పేదాన్ని. నా మాట మీద వాళ్లకి నమ్మకం.

మహూజ్‌లో ఒక ఫ్లాటులో నేనూ వసంతా కలిసి ఉండేవాళ్లం. తను అకౌంటెంటు. ఇద్దరికీ ముప్ఫై దాటాయి. పెళ్లి మాట ఎత్తితే ఇద్దరం కలిసి నవ్వేసేవాళ్లం. నేను మనస్ఫూర్తిగా నవ్వేదాన్ని కాదు. తనూ అంతేనని తర్వాత తెలిసింది. ఇక్కడే అరాద్‌లో ఉండే రవి అనే అతనితో తనకి సంబంధం కుదిరింది. మంచివాడు, తల్లి తప్ప ఎవరూ లేరు. ఆ తల్లి పేరు సుభద్రమ్మగారు. రవికి ఊహ తెలియకముందే భర్త పోయాడు. ఒకప్పుడు ఆయన కూడా ఇక్కడే పనిచేశాడట. సెలవుకి ఇంటికొచ్చి, భోజనానికి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడట.

నిశ్చితార్థానికి ముందు ఒక శుక్రవారం పొద్దున వసంత ఒక చిన్న పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. సుభద్రమ్మగారి ఉంగరం. భర్త ఉన్నంతకాలం ఆవిడ వేలిని వదలని ఉంగరం, కోడలికని దాచి ఉంచిందట. మూత తీశాను. ఎడ్వర్డియన్. ఇన్నేళ్లలో మా కొట్టుకి అంత అందమైనది రాలేదు. జాలీలో ఒక్క తీగ కూడా తెగలేదు. నడుమ రాయి, దాని నడుమ చుక్క.

“పాత మోడల్‌లా ఉంది కదే” అంది వసంత. “ఆవిడ బాధపడుతుందని పెట్టుకుంటున్నాను గానీ. అవునూ, మధ్యలో ఆ చుక్క ఏంటే?”

అది లోపం కాదని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. ఎందుకు చెప్పలేదు? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతున్న ప్రశ్న ఇదే. తను వెళ్లిపోతే ఆ ఫ్లాటులో నేనొక్కదాన్నే ఉండాలన్న దిగులు ఒకటి. అంతకన్నా పెద్దది అసూయ. ఆ ఉంగరం విలువ తెలిసిన నాకు కాకుండా, పాత మోడల్ అన్న మనిషి వేలికి వెళుతోందని కడుపు మండింది. తన ఆనందాన్ని కాస్త చెడగొట్టాలనిపించింది. కాస్తే. అంతకు మించి ఆలోచించలేదని ఒట్టు వేయగలను, కానీ నా ఒట్టుకి విలువేముంది?

“నాకెందుకులే చెప్పడం. చుక్కున్న వజ్రం పెట్టుకోకూడదని మనవాళ్లు అంటారు” అన్నాను.

చూశారా, అందులో అబద్ధం లేదు. మనవాళ్లు అంటారు, నిజమే. అంత తెలివిగా చెప్పాను. వసంత పెట్టె మూత మూసేసింది. అసలే అది భర్త పోయినావిడ ఉంగరం. లోపల అప్పటికే ఉన్న భయానికి నేను పేరు పెట్టాను, అంతే. సాయంత్రానికల్లా ఊళ్లో ఉన్న వాళ్లమ్మకి ఫోను వెళ్లింది. మర్నాడు వాళ్లమ్మ నుంచి సుభద్రమ్మగారికి ఫోను వెళ్లింది. వజ్రాల కొట్టులో పనిచేసే అమ్మాయే చూసి చెప్పిందట, దోషమట, మా పిల్లకి ఆ ఉంగరం వద్దండీ అని.

రెండు రోజుల తర్వాత సుభద్రమ్మగారు కొట్టుకి వచ్చింది. రవి కారులో దింపి వెళ్లాడు. ఆవిడ ఒక్కతే వచ్చింది. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఎవరో పక్కన ఉన్నారని మొహమాటపడ్డానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు. మా యజమానికి తెలుగు రాదు. నిజం చెబితే వినేది ఆవిడొక్కతే. ఉంగరం అద్దం మీద పెట్టి, కుర్చీ చూపించినా కూర్చోకుండా నిలబడింది.

“నువ్వు రోజూ ఇదే పని చేసేదానివమ్మా. నిజం చెప్పు. ఇది దోషమేనా?”

“మనవాళ్లు అలాగే అంటారండీ.”

“మనవాళ్ల మాట కాదు. నువ్వేమంటావు?”

భూతద్దం కంటికి ఆనించుకున్నాను. చూడాల్సిందేమీ లేదు. ఆలోచించుకోవడానికి చూశాను. కాదంటే, మరి వసంతకి ఎందుకలా చెప్పావని అడుగుతారు. నేనెలాంటిదాన్నో వసంతకి తెలిసిపోతుంది. నా పరువు ఒకవైపు, ఆ ముసలామె ఒకవైపు. చాలాసేపు చూశాను.

“దోషమేనండీ” అన్నాను.

“ఎవరికి తగులుతుందమ్మా? పెట్టుకున్నవాళ్లకా, కట్టుకున్నవాళ్లకా?”

“కట్టుకున్నవాళ్లకంటారండీ.”

ఎందుకన్నాను ఆ మాట? మొదటిది అన్నాక రెండోది దానంతటదే వచ్చేసింది. ఆవిడ ఏడవలేదు. ఉంగరం తీసి కొంగులో ముడి వేసుకుంది. “ఆయన వద్దన్నారమ్మా. తెల్లవాళ్లు వాడినది మనకెందుకు అన్నారు. నేనే ముచ్చటపడి, అలిగి మరీ కొనిపించుకున్నాను” అంది. తలుపు తోయడం కూడా తెలియనట్టు కాసేపు అక్కడే నిలబడిపోయింది. నేనే వెళ్లి తీశాను. ఆ రెండు మూడు అడుగుల్లోనైనా నిజం చెప్పి ఉండొచ్చు. తలుపు మాత్రం తీశాను.

ఆ సాయంత్రమే అరాద్ ఒడ్డుకి వెళ్లి ఉంగరాన్ని సముద్రంలో పడేసిందట. రవి చెప్పాడు. వసంతకి కొత్త ఉంగరం కొన్నారు, పెళ్లి బాగానే జరిగింది. ఆ పెళ్లిలో వంటలు బాగున్నాయని అందరితోపాటు నేనూ అన్నాను. వసంత వెళ్లిపోయింది, ఫ్లాటులో నేనొక్కదాన్నే మిగిలాను. ఎవరు వెళ్లిపోతారని భయపడి నోరు జారానో ఆ మనిషి ఎలాగూ వెళ్లిపోయింది. నా మాట పడాల్సిన మనిషి మీద పడకుండా వేరే మనిషి మీద పడింది.

వసంతకి కొడుకు పుట్టాడు. సుభద్రమ్మగారు వాణ్ణి ఒళ్లోకి తీసుకోలేదు. నా చెయ్యి మంచిది కాదమ్మా అనేదట. వాడు పాకుతూ వచ్చి కాళ్లు పట్టుకుంటే పైకెత్తకుండా, కదలకుండా కూర్చునేదట. రాత్రి భోజనం మానేసింది. భర్త ఫోటో ఉన్న గదిలోకి వెళ్లడం మానేసింది. “ఆవిడకి నేనంటే ఇష్టం లేదే, అందుకే పిల్లాణ్ణి దగ్గరకి తీయదు” అని వసంత నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. పెద్దవాళ్లకి చాదస్తం, పట్టించుకోకు అన్నాను. కొట్టులో ఆవిడతో నేనన్న మాటలు తనకి తెలియవు. కారణం తెలిసిన మనిషిని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే. అత్తాకోడళ్ల మధ్య పడిన ఆ ముడిని ఒక్క మాటతో విప్పగలిగినదాన్నీ నేనే. వాడు బడికి వెళ్లే వయసుకొచ్చాడు. నన్ను పెద్దమ్మా అని పిలుస్తాడు. నాన్నమ్మ ఒడి ఎలా ఉంటుందో వాడికి తెలియదు.

పోయిన ఏడాది ఆవిడ మంచం పట్టింది. చూడ్డానికి వెళ్లాను. చెప్పేయాలని గట్టిగా అనుకునే వెళ్లాను. వసంత కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది. ఆవిడ మంచం పక్కన కూర్చున్నాను.

“పిన్నిగారూ, ఆ ఉంగరంలో ఏ దోషమూ లేదండీ. పాత రాళ్లన్నిటికీ ఆ చుక్క ఉంటుంది. సానపట్టేవాళ్లు కావాలనే అలా చేసేవారు. అప్పుడు నాకు సరిగ్గా తెలియక అలా చెప్పాను.”

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. “నీది మంచి మనసమ్మా. నా బాధ చూడలేక అంటున్నావు.”

“కాదండీ, నిజంగానే.”

“నీకు తెలియకపోవడమేంటమ్మా? ఆ రోజు ఎంతసేపు చూసి చెప్పావో నేను మర్చిపోలేదు.”

ఆవిడ నమ్మాలంటే ఇంకొక్క వాక్యం చెప్పాలి. తెలియక కాదండీ, తెలిసే చెప్పాను. అంతే. నేను చెడ్డదాన్నని తెలిస్తేనే తాను చెడ్డది కాదని ఆవిడకి తెలుస్తుంది. చావు మంచం మీద ఉన్న మనిషి ముందు కూడా నన్ను నేను కాపాడుకున్నాను. ‘తెలియక’ అన్న ఆ ఒక్క మాట చేర్చకపోయి ఉంటే నమ్మేదేమో. వసంత కాఫీ తెచ్చింది. తాగాను. పంచదార సరిపోయిందా అని అడిగితే సరిపోయిందన్నాను.

ఆ తర్వాత ఆవిడ ఎన్నాళ్లో లేదు. పోయేముందు మనవణ్ణి పిలిచి, దూరం నుంచే చూసి, వెళ్లి ఆడుకోమందట. వసంత ఈ మాట చెప్పి వెక్కి వెక్కి ఏడుస్తుంటే తన వీపు నిమిరాను. అదే చేత్తో ఇప్పుడు ఇది రాస్తున్నాను. వసంతకి ఎందుకు చెప్పవు అని మీరు అడగొచ్చు. తను చదివితే గుర్తుపడుతుంది. గుర్తుపట్టాలనీ ఉంది, వద్దనీ ఉంది. ఏది ఎక్కువగా ఉందో నాకే తెలియదు. నన్ను క్షమించాల్సిన మనిషి లేదు. ఉన్నవాళ్లు క్షమించినా అది ఆవిడ తరఫున చెల్లదు.

ఆవిడకి చెప్పలేకపోయిన వాక్యం ఇదిగో. పిన్నిగారూ, ఆ చుక్క దోషం కాదని నాకు మొదటి రోజే తెలుసు. తెలిసే, మీ ఎదుట నిలబడి, దోషమేనని చెప్పాను. మీ ఆయన మీవల్ల పోలేదు. చెప్పేశాక గుండె కొంచెం తేలికపడింది. అలా తేలికపడినందుకు కూడా సిగ్గుగానే ఉంది.