పాప ఏడ్చిందా?

వీధిలో ఎవరింట్లో గొడవైనా పక్కవాళ్ళు కిటికీ రెక్క కాస్త తెరిచి వింటారు. షట్టర్లాయన ఇంటి వైపు మాత్రం ఎవరూ చెవి ఒగ్గరు. ఆ ఇంట్లో "మంచినీళ్ళివ్వు" అన్నా గొడవలాగే ఉంటుంది మరి. మీసాలు రాకముందే రేకుల షెడ్డులో చేరి, దుకాణాల షట్టర్లకి రేకులు సాగగొట్టీ సాగగొట్టీ ఆయన చెవులు ఇంచుమించు మూతపడ్డాయి. చెవి మిషను కొనుక్కున్నాడు గాని, దాంతో రొద పెరిగిందే తప్ప మాట తెలియలేదు. దాన్ని అటక మీదకి చేర్చాడు. అప్పట్నుంచీ భార్య అరుస్తుంది, అక్క అరుస్తుంది, వాళ్ళిద్దర్నీ మించి ఆయన అరుస్తాడు.

అక్క నోటికి మూత లేదు. "చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఎందుకు కొరుకుతున్నావని అడిగాడట. మా వాడూ అంతే!" అని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వేది. ఆయనా నవ్వేవాడు. పెదాలు చూసి సగం మాట పట్టుకోవడం, మిగతా సగానికి తలూపెయ్యడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. లోకం కూడా అంతకన్నా ఎక్కువేం అడగలేదు, ఆ పాప పుట్టేదాకా.

పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకి పండిన కడుపు. భార్యకి బీపీ పెరిగిపోయి, ఏడో నెల రాకుండానే ఆపరేషన్ చేసి పాపని బయటికి తియ్యాల్సి వచ్చింది. థియేటర్ తలుపు తెరుచుకోగానే అక్క అడిగిన మొదటి మాట, "పాప ఏడ్చిందా?" డాక్టరు తల అడ్డంగా ఊపాడు. అది తెలియడానికి చెవులక్కర్లేదు. పాప గొంతులోంచి ఊపిరితిత్తుల్లోకి గొట్టం వేశామని, మిషనే ఊపిరి పోస్తోందని, బతికితే అదృష్టమని తర్వాత అక్క వరండా అదిరేలా అరిచి చెప్పింది. ఆ రోజు నుంచి ఆయనకి లోకంలో ఒకే ఒక్క కోరిక మిగిలింది. పాప ఏడవాలి. అది తను వినాలి. మిగతావేం వినపడకపోయినా ఫరవాలేదు.

పసిపిల్లల ఐసీయూ ఆయనలాంటి వాడి కోసం కట్టింది కాదు. అక్కడ లైట్లు తగ్గించి ఉంటాయి. గాజు పెట్టెల మీద మందపాటి గుడ్డలు కప్పి ఉంటాయి. పెట్టె కిటికీ మూసేటప్పుడు కూడా చప్పుడు రాకుండా వేలు అడ్డం పెట్టి మూస్తారు. అందరూ గుసగుసలే, పైగా మూతికి మాస్కులు. పెదాలు కనపడకపోతే ఆయనకి మనుషులూ గోడలూ ఒకటే.

మొదటిసారి వెళ్ళినప్పుడు పెట్టె మీది గుడ్డ తీసి చూపించారు. గుడ్డలు చుట్టలు చుట్టి చేసిన గూటిలో, అరచేతిలో పట్టేంత పాప. ఆయన పెట్టె మీదికి వంగి, "ఏడ్చిందా?" అన్నాడు. తను మెల్లగానే అన్నాననుకున్నాడు. పాప ఉలిక్కిపడి చేతులు రెండూ బార్లా చాపింది, రంగు మారింది, మిషను మీది అంకెలు గబగబా పడిపోయాయి. సిస్టర్లు పరిగెత్తుకొచ్చారు. ఆయన అలాగే నిలబడ్డాడు. ఏమైందో తెలీదు, అడుగుదామంటే నోరు తెరవాలి, నోరు తెరిస్తేనే కదా ఇదంతా జరిగింది.

అంకెలు కుదుటపడ్డాక పెద్ద సిస్టరు ఆయన్ని చేతులు కడుక్కునే గదిలోకి తీసుకెళ్ళి, మాస్కు కిందికి లాగి, పెదాలు కదిపి చెప్పింది. "అన్నా, పాప ఇంకా కడుపులోనే ఉండాల్సింది. మెదడు ఇప్పుడే తయారవుతోంది. చప్పుడైనా, వెలుతురైనా, ఊరికే తాకినా అలిసిపోతుంది. తప్పు నీది కాదులే."

"నన్ను రావద్దంటావా, అమ్మా?"

"రా. రావాలి. నోరు మాత్రం తెరవకు."

ఆవిడే నేర్పింది. నిమరకూడదు, ఆ చర్మం నిమిరితే ఓర్చుకోలేదు. ఒక చెయ్యి తల చుట్టూ, ఒక చెయ్యి పాదాల దగ్గర, కదపకుండా ఉంచాలి. పాప వేళ్ళు విప్పార్చి చేయి చాపిందంటే చాలు అని అర్థం. ఏడ్చినా, నొచ్చినా వేళ్ళు అలాగే విప్పుతుంది. వేళ్ళు ముడుచుకుని మెత్తగా ఉంటే హాయిగా ఉన్నట్టు. రేకు మాట వినకపోతే ఇంకో దెబ్బ వెయ్యడం తప్ప తెలియని మనిషి, చేతులు పెట్టి ఊరుకోవడం నేర్చుకున్నాడు. ఊరుకోవడం ఇంత కష్టమని ఆయనకెవరూ చెప్పలేదు. మోచేతులు లాగేవి, ముక్కు మీద దురద పుట్టేది, కళ్ళలో నీళ్ళు తిరిగితే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండేది కాదు. కానీ ఆ గదిలో చేతులతో మాట్లాడే మనిషి ఆయనకొకతె దొరికింది. వేళ్ళు విప్పితే తియ్యి నాన్నా అన్నట్టు, ముడిస్తే ఉండు నాన్నా అన్నట్టు. ఆ భాషలో ఆయనకి ఒక్క ముక్క కూడా పోయేది కాదు.

ఒకరోజు రక్తానికి సూది గుచ్చితే పాప మొహం ముడుచుకుంది, నోరు తెరుచుకుంది, వేళ్ళు చీపురు పుల్లల్లా విప్పారాయి. ఏడుస్తోంది! తనకే వినపడటం లేదని ఆయన చెవి దగ్గర చెయ్యి ఊపి, సిస్టర్ని కళ్ళతో అడిగాడు. ఆవిడ తన చెవి చూపించి, తనకీ లేదన్నట్టు చెయ్యి తిప్పింది. తర్వాత బయట చెప్పింది. "గొట్టం ఉంటే గొంతు రాదన్నా. ఎవరికీ వినపడదు."

ఎవరికీ వినపడదు! ఆయన ఆ మాట పట్టుకుని పై అంతస్తులో మంచం మీదున్న భార్య దగ్గరికి వెళ్ళాడు. రోజూ లాగే ఆవిడ అరిచి అడిగింది, "ఏడ్చిందా?" వార్డంతా తిరిగి చూసింది. "ఏడ్చింది, కానీ ఎవరికీ వినపడదట!" అని ఆయన అంతకన్నా గట్టిగా అరిచాడు. బాధగానే చెప్పాడు. లోపల మాత్రం చిన్న సంతోషం దాక్కుంది, దానికి సిగ్గు కూడా పడ్డాడు. ఈ ఒక్క విషయంలో లోకమంతా ఆయనకి సమానం.

ఆ సమానం ఎన్నాళ్ళో నిలవలేదు. పాప బలం పుంజుకుంది. గొట్టం తీసేస్తున్నాం, తల్లిని కూడా తీసుకురండి అన్నారు. భార్యని చక్రాల కుర్చీలో తెచ్చి పెట్టె పక్కన ఆపాడు. గొట్టం బయటికొచ్చింది, డాక్టరు వెళ్ళిపోయాడు. ఉన్నట్టుండి భార్య చెయ్యి గుండె మీదికి వెళ్ళింది. సిస్టర్ కళ్ళు నవ్వాయి. ఆయన పాప వైపు తిరిగేసరికి సిస్టర్ భుజం అడ్డొచ్చింది. ఆవిడ పక్కకి జరిగాక చూస్తే పాప నోరు మూసి ఉంది. అయిపోయింది. ఎన్నాళ్ళుగానో కాచుకున్నది తన పక్కనే వచ్చి వెళ్ళిపోయింది, తను బండరాయిలా నిలబడ్డాడు.

భార్య మాస్కు కిందికి లాగి, తడి కళ్ళతో పెదాలు కదిపింది. "విన్నారా?"

సరిగ్గా అప్పుడే పాప నోరు మళ్ళీ తెరుచుకుంది, చిన్న గుండ్రటి నోరు. ఆయన ప్రాణం లేచొచ్చింది. నోరు తెరవకూడదన్న మాట గుర్తున్నా ఆగలేక, గొంతు నొక్కిపట్టి, "ఆ, విన్నా! ఇదిగో, మళ్ళీ ఏడుస్తోంది! ఎంత గొంతో చూడు!" అన్నాడు.

భార్య సిస్టర్ వైపు చూసింది. సిస్టర్ తల దించుకుని గుడ్డ సర్దసాగింది. భార్య ఆయన వైపు తిరిగి, నవ్వుతూ, ఒక్కో మాటా విడదీసి పలికింది.

"అవునండీ. అచ్చం మీ గొంతే."

ఆయన పొంగిపోయి పాప వైపు వంగాడు. పాప చెయ్యి గూటి అంచు మీద ఉంది. వేళ్ళు మెత్తగా ముడుచుకుని ఉన్నాయి. ఏడ్చే పిల్ల వేళ్ళు అలా ఉండవు. అది ఆవులింత.

ఆయన భార్య మొహంలోకి చూశాడు. ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది, కళ్ళు మాత్రం ధారగా కారుతున్నాయి. ఎప్పట్లాగే ఆయన తలూపాడు.