బెరిల్ ఇంటి ముందు గది

మా వెల్స్ ఊరికి వచ్చేవాళ్లు బస ఎంచుకునే తీరు చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. కిటికీలోంచి పెద్ద చర్చి కనపడాలి, కారు పెట్టుకోవడానికి చోటుండాలి, పొద్దున్నే ఎవరూ నిద్ర లేపకూడదు. చర్చి కావాలి గానీ దాని గంటలు వద్దు.

మా సందులో మూడు గదుల బస నడిపే బెరిల్ టట్టన్ మాత్రం తానే మనుషుల్ని ఎంచుకునేది. ఫోన్ చేసినవాళ్లను ముందుగా అడిగే మాట ఒకటే, చర్చి గంటల మోత మీకు పడుతుందా అని. అవతలివాళ్లు కాస్త నసిగితే చాలు, గది లేదని ఫోన్ పెట్టేసేది. మొగుడు పోయాక ఆ ఇంటిని అలాగే నెట్టుకొచ్చింది. నోరు పెద్దదే. గుడ్డు ఎలా వేయించాలో చెప్పబోయినవాళ్లకు కూడా తనకు నచ్చినట్టే వేయించి పెట్టేది. అయినా వచ్చినవాళ్లు మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు.

పక్కింట్లో డెస్మండ్ పేన్ అద్దెకుండేవాడు. చర్చి గోపురంలో గంటలు మోగించే మా జట్టులో పెద్ద గంట అతనిది, చిన్న గంట నాది. ఒక్కో తాడుకు ఒక్కో మనిషి. గంటలన్నీ ఒకదాని తర్వాత ఒకటి మోగే ప్రతి వరసా పెద్ద గంటతోనే ముగియాలి. అది లేకపోతే మాట మధ్యలో ఆపేసినట్టు ఉంటుంది, ఊరందరికీ తెలిసిపోతుంది.

నిరుడు చలికాలంలో ఇంటి యజమాని డెస్మండ్‌ను ఖాళీ చేయించాడు. తలుపు పక్కన తాళంచెవి ఉండే చిన్న పెట్టె బిగించి, వారానికో కొత్త మనిషికి ఇల్లివ్వడం మొదలుపెట్టాడు. చర్చి గంటల నీడలో ప్రశాంతమైన బస అని ప్రకటన కూడా వేసుకున్నాడు, సిగ్గులేని మనిషి. ఊళ్లో అద్దె ఇల్లు దొరక్క డెస్మండ్ సముద్రం ఒడ్డున చెల్లెలి కారవాన్‌లో, ఆ చక్రాల ఇంట్లో, తలదాచుకున్నాడు. ఆదివారం పొద్దున అక్కణ్నుంచి బస్సు లేదు. పెద్ద గంటను పట్టగల మనిషి మాలో ఇంకొకరు లేరు. మిగిలినవాటితోనే ఈడ్చుకొచ్చాం.

ఒక ఆదివారం బెరిల్ టిఫిన్ వడ్డిస్తుంటే, ముందు గదిలో దిగినాయన పోయినసారి కంటే గోల కాస్త తగ్గింది, హాయిగా ఉంది అన్నాడట. ఫోన్‌లో గంటలంటే ప్రాణమని చెప్పి గది తీసుకున్న పెద్దమనిషే. బెరిల్ ఆయన ముందున్న టీ పాత్ర తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆయన గది ఖాళీ చేసిన రోజే కారు తీసి, నన్నూ ఎక్కమంది.

కారవాన్‌లో డెస్మండ్ భుజాల మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. ముందు గది ఇక నీదే, సామాను సర్దుకో అంది బెరిల్. అతను తల అడ్డంగా ఊపాడు.

“వేసవంతా నిండే గది అది, బెరిల్. నీ పొట్ట నువ్వే కొట్టుకుంటావా?”

“అది నిండిపోయింది. బూట్లు తొడుక్కో.”

దారి పొడుగునా ఇద్దరూ ఆ యజమానిని తిడుతూనే వచ్చారు. నేనూ ఏం తక్కువ తినలేదు.

తర్వాతి ఆదివారం వరసలన్నీ నిండుగా ముగిశాయి. డెస్మండూ నేనూ గోపురం దిగి వచ్చేసరికి, పక్కింట్లో దిగిన ఒకాయన, అడగడానికి అక్కడ యజమాని లేక, పడుకునే బట్టలతోనే బెరిల్ గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. ఆ పెద్ద గంట ఆపించమని, లేదంటే ఆమె ఇంట్లో తనకు వెనకవైపు గది ఇమ్మని నిలదీస్తున్నాడు.

బెరిల్ డెస్మండ్‌ను చూపించింది. “మోగించింది ఈయనే. మీరు పడుకుని లేచింది ఈయన ఇంట్లో. ఈయన్నే అడగండి.”

ఆ వచ్చినాయన మొహం ఎర్రబడింది.

డెస్మండ్ బూట్లు తుడుచుకుంటూ, “ఆ పడగ్గది కిటికీ సరిగా మూసుకోదండీ,” అన్నాడు. “సందులో కాగితం మడిచి కుక్కండి, చలిగాలి రాదు. నేనున్నన్నాళ్లూ అదే చేశాను.”

నేనైతే ఆ మాట చెప్పేదాన్ని కాదు. చలికి వణకనిచ్చేదాన్ని.