బండెక్కిన గొంతు

మిల్లు వెనక వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. పెద్దలకు మైకు, పిల్లలకు మైకు మావయ్య, పార్టీ ఆఫీసులో మైకన్న. ఎన్నికలొస్తే ఆటోలో డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చుని, పైన కట్టిన హారన్లలోంచి ఊరంతటికీ పార్టీ మాట వినిపించడం ఆయన పని. ఎన్నికలు లేనప్పుడు సభలుండేవి. సభలు కూడా లేకపోతే కుళాయి నీళ్లు ఏ పూట వస్తాయో, కరెంటు ఏ వీధిలో తీస్తారో చెప్పుకుంటూ తిరిగేవాడు.

నిజానికి అదేమంత గొప్ప గొంతు కాదు. కాస్త బొంగురు, మాట చివర కొంచెం తడి. మిగతావాళ్లు మైకు అందుకోగానే "ప్రజలారా" అంటూ నరాలు తెగేలా అరిచేవాళ్లు. ఈయన మాత్రం "అమ్మా, వింటున్నావా?" అని మొదలుపెట్టేవాడు. ఆ పద్ధతి నేర్పింది తల్లే. తొలిసారి మైకు పట్టిన రోజు నోట మాట పెగలక, చెమటలు కక్కుకుంటూ ఇంటికొచ్చేశాడు. "ఊరందరికీ చెప్పాలనుకుంటే భయమే వేస్తుందిరా. నాకు చెప్తున్నాననుకో, పో" అని వెనక్కి పంపింది ఆవిడ. ఆ మర్నాటి నుంచి ఆయన ఎవరితో మాట్లాడినా అమ్మతోనే మాట్లాడాడు. అన్నం కలుపుతున్న ఆడవాళ్లు కూడా చెయ్యి ఆపి వినేవాళ్లు. తల్లికి మెల్లగా చూపు మందగించి, చివరికి పూర్తిగా పోయింది. ఆ తరవాత గుమ్మంలో కూర్చుని, కొడుకు గొంతు ఏ వీధిలో తిరుగుతోందో వింటూ పొద్దుపుచ్చేది.

ఆయన చెప్పిన మాటల సంగతి కూడా చెప్పుకోవాలి. మొదట్లో పార్టీ, మూతపడ్డ మిల్లు తెరిపిస్తామంది. "అమ్మా, సైరను మళ్లీ కూస్తుంది" అని ఆయన చెబితే వీధి వీధంతా కళ్లు తుడుచుకుంది. మరుసటి ఎన్నికలకి, తెరిపించే విషయం పరిశీలించడానికి కమిటీ వేస్తామన్నారు. ఆ తరవాత మిల్లు సంగతి ఎలా ఉన్నా, కార్మికులు కాపురముంటున్న ఇళ్లు మాత్రం వాళ్లవేనన్నారు. "ఈ గోడ నీది, ఈ గుమ్మం నీది. ఎవడొచ్చినా ఇటుక కదపలేడు. ఇది పార్టీ మాట." ఆ ముక్కని టేపులో ఎక్కించి చౌక దుకాణాల దగ్గర కూడా వేశారు. మిల్లు పోయినా ఇల్లు మిగిలిందని జనం ఓట్లు గుద్దారు. ఆ మీదట ఇళ్ల మాట కూడా సన్నగిల్లింది. పట్టాలిస్తాం కాస్తా పట్టాలిప్పించే ప్రయత్నం చేస్తాం అయింది, అది కూడా పోయి చట్టప్రకారం న్యాయం చేస్తాం అన్న దగ్గర ఆగింది.

ఇవన్నీ చదివింది ఆయనే. ఒకదానికొకటి పొంతన లేదని ఆయనకి ఎప్పుడూ తట్టలేదంటే నేను నమ్మను. తట్టే ఉంటుంది. కానీ ఎవరైనా నిలదీస్తే నవ్వేసి, "మాట పార్టీది, గొంతు నాది. నన్నడిగితే ఎలా?" అనేవాడు. చాలామంది ఉద్యోగాలు ఇలాంటి మాట మీదే నడుస్తాయి కాబట్టి ఆయన్ని తప్పుపట్టేంత గొప్పవాణ్ణి కాను నేను.

ఆ గొంతులోనే జబ్బు పుట్టింది. స్వరపేటిక తీసేయక తప్పదన్నారు డాక్టర్లు. పార్టీ కార్యదర్శి ఆసుపత్రికి వచ్చి, మంచం పక్కన కూర్చుని కంటతడి పెట్టుకున్నాడు. దొంగ ఏడుపేమీ కాదు, నిజంగానే ఏడ్చాడు. "నీ గొంతు మట్టిపాలు కావడానికి వీల్లేదన్నా. అది మనందరి ఆస్తి" అన్నాడు. ఆపరేషన్‌కి ముందు ఒక గదిలో కూర్చోబెట్టి రోజుల తరబడి చదివించారు. పేపర్లు, పాత ప్రసంగాలు, వీధుల పేర్లు, చిన్నపిల్లల వాచకాలు, కోపంగా ఒకసారి, ప్రేమగా ఒకసారి. చివర్లో ఆయన ఎవరూ అడక్కుండానే "అమ్మా, లే. అమ్మా, రా. అమ్మా, నేనున్నాను" అని కూడా చెప్పాడు. తన తల్లికి ఎప్పుడైనా వినిపించవచ్చని ఆశ. గది అద్దాల అవతల కూర్చుని ఎక్కించుకుంటున్న కంప్యూటరు కుర్రాళ్లు బొటనవేళ్లు పైకెత్తి భలే అన్నారు.

ఆపరేషన్ అయ్యాక మెడ కింద ఒక రంధ్రం మిగిలింది. ఊపిరి అందులోంచే. దాని మీద పలచటి గుడ్డ కట్టుకుని ఇంటికొచ్చాడు. మెడకి ఆనించి మాట్లాడే చిన్న మిషను ఒకటి ఇచ్చారు ఆసుపత్రిలో. దానితో "అమ్మా" అని పిలిస్తే ఆవిడ అదిరిపడి గోడకి అతుక్కుపోయింది. "ఇంట్లో ఏదో దూరిందే, తరుము" అని కోడల్ని కేకలేసింది. ఆయన ఆ మిషన్ని అటక మీద పారేశాడు. కళ్లులేని తల్లికీ గొంతులేని కొడుక్కీ మధ్య చేతులొక్కటే మిగిలాయి. అన్నం ముద్ద నోటికందించేవాడు, అరచేయి నొక్కేవాడు. "మా నాయనే, తెలుసులే" అనేది ఆవిడ. ఆ మాత్రం చాలనుకున్నాడాయన.

ఒక ఉదయం పళ్లు తోముకుంటుంటే వీధి మలుపులోంచి గొంతు వచ్చింది.

"అమ్మా, వింటున్నావా?"

ఆయన చటుక్కున నోటి మీద చెయ్యి వేసుకున్నాడు. నోరు మూసే ఉంది. బయట ఆటో మెల్లగా వస్తోంది. ఆయన గొంతే. ఆయన ఆగి ఊపిరి తీసుకునే చోటు, ఆయనకుండే ఆ చివరి తడి, అన్నీ ఉన్నాయి. సర్కారు కొత్తగా కట్టించిన ఆసుపత్రి గురించి చెబుతోంది. ఆ ఆసుపత్రి కట్టేనాటికే ఈయనకి మాట పోయింది. మొదట ఒళ్లు గగుర్పొడిచినా ఆ వెంటనే ఏడుపొచ్చింది, సంతోషంతోనే. చచ్చిందనుకున్నది వీధిలో తిరుగుతోంది మరి.

భార్య మాత్రం చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "నాకేం నచ్చలేదండీ. మీరు నా ఎదురుగా ఉన్నారు, మీరే వీధిలోంచి వస్తున్నారు. నాకు భయమేస్తోంది."

గుమ్మంలో తల్లి మొహం చాటంత అయింది. "వచ్చేసిందే! వాడికి గొంతు వచ్చేసింది! పోయిందని నాతో అబద్ధమాడారు మీరంతా!"

"కాదత్తయ్యా, ఆయన ఇక్కడే ఉన్నారు. అది మిషను. ఆయన చదివిపెట్టిన గొంతుతో కొత్త మాటలు అదే అల్లుతోంది."

"నువ్వు చెప్పేదెప్పుడు నిజమైంది గనకే" అంది ఆవిడ. కోడలు కాపురానికొచ్చిన నాటి నుంచీ సాగుతున్న తగువు అది, ఆ పూట తెగుతుందా! ఆయన వెళ్లి తల్లి అరచేయి నొక్కాడు. ఆవిడ చేతిని తడిమి చూసి, "బండి దిగి వచ్చావా? మరి బండి మీద ఎవడు మాట్లాడుతున్నాడు?" అంది. ఆయన మళ్లీ అరచేయి నొక్కాడు.

రోజులు గడిచేకొద్దీ ఆవిడ చెయ్యి చల్లబడింది. ముందు అలిగింది. "బయట అంత గొంతేసుకుని తిరుగుతావు, ఇంట్లో నాతో ఒక్క మాట ఆడవు" అని మూతి తిప్పుకునేది. తరవాత అలగడం కూడా మానేసింది. ముద్ద అందిస్తే ఎవరో పరాయివాళ్లు పెట్టినట్టు మర్యాదగా "చాలు నాయనా" అనేది. ఆటో వచ్చే వేళకి చీర సర్దుకుని, తల దువ్వుకుని కూర్చునేది.

అప్పుడు మొదలైంది అసలు ప్రచారం. "అమ్మా, వింటున్నావా? మిల్లు స్థలంలో పెద్ద రోడ్డు వస్తోంది. కొత్త భవనాలొస్తాయి. ఊరి అవతల నీకు వేరే గది ఉంది. గోడలు కూలేలోగా లేచి వెళ్లిపోదాం." ఒక రోజు ఇంకా దగ్గరగా వచ్చి, ఇంకా మెత్తగా అంది. "ఇల్లు నీదేనని మేమెప్పుడూ అనలేదమ్మా. ఉండమన్నాం, అంతే. గుర్తు తెచ్చుకో."

వీధిలో అందరూ ఈయన గుమ్మం వైపు చూశారు. ఈయన అడ్డంగా తల ఊపుతూ ఉన్నాడు. తల ఊపే మనిషీ కళ్లముందున్నాడు, అలా అనే గొంతూ చెవుల్లో ఉంది. చూపుకంటే చెవే గట్టిదని ఆ రోజు తెలిసింది. ఎదురింటావిడ తన గుమ్మాన్ని ఒకసారి తడిమి చూసుకుని, "అన్నాడేమో అనుకున్నా. అనలేదేమోలే" అని గొణుక్కుంది.

ఆయన పార్టీ ఆఫీసుకి వెళ్లాడు. పలక మీద రాసి కార్యదర్శి ముందు పెట్టాడు, 'ఇది నేను చెప్పలేదు' అని.

కార్యదర్శి కాఫీ తెప్పించాడు. కుర్చీ దగ్గరగా లాక్కున్నాడు. "నువ్వు సొంతంగా ఏ రోజు చెప్పావన్నా? పార్టీ రాసిచ్చింది, నువ్వు చదివావు. ఇప్పుడూ అంతే. కాకపోతే నీకు చదివే శ్రమ లేదు."

ఆయన చెరిపి మళ్లీ రాశాడు, 'ఇళ్లు వాళ్లవే అన్నాం.'

"అన్నాం. అప్పుడు అది కరెక్టు. ఇప్పుడు ఇది కరెక్టు. పార్టీ మాట మారలేదన్నా, రోజులు మారాయి." ఇంతలో పక్కగదిలోంచి ఈయన గొంతు నవ్వింది. ఎవరో కుర్రాడు ఏదో సరిచూసుకుంటున్నాడు కాబోలు, అదే నవ్వు మళ్లీ మళ్లీ వేస్తున్నాడు. కార్యదర్శికి కూడా ఆ నవ్వు ఇబ్బందిగానే ఉన్నట్టుంది, లేచి తలుపు మూసి వచ్చాడు.

వీధి ఒక నిర్ణయానికి వచ్చింది. ఖాళీ చేయించే బండి వచ్చిన రోజు ఒక్కరూ ఎక్కకూడదు, ఎవరి గుమ్మంలో వాళ్లు కూర్చోవాలి. మనుషులుండగా గోడ కూల్చే ధైర్యం ఎవరికీ ఉండదు. ఒక్క ఇల్లు కదిలినా మిగతావి నిలవవని అందరికీ తెలుసు. మొదట కదిలేది మాత్రం మైకు ఇల్లు కాదని ధైర్యంగా ఉన్నారు.

ఆ పొద్దున పొడవాటి వ్యాను వచ్చి ఆగింది. నెత్తిన అవే హారన్లు. పక్క తలుపు జరిపి డ్రైవరు దిగి నిలబడ్డాడు. వాడి మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. తనొక్కడే ఉన్న బండిలో ఆ గొంతుతో అంతదూరం వచ్చాడు మరి.

"అమ్మా, వింటున్నావా? బండి వచ్చింది. లేచి రా."

మూల ఇంటి దర్జీ దీనికోసమే కాచుకుని ఉన్నాడు. దాచుకున్న పాత టేపుని ప్లేయర్లో పెట్టి గట్టిగా వేశాడు. "ఈ గోడ నీది, ఈ గుమ్మం నీది. ఎవడొచ్చినా ఇటుక కదపలేడు." వ్యానులోంచి, "లేచి రా అమ్మా, గోడలు కూలిపోతాయి." ఒకే గొంతు అటొకటీ ఇటొకటీ చెబుతుంటే, ఆ రెండింటికీ మధ్య ఆయన నోరు తెరుచుకుని నిలబడ్డాడు. పిల్లలు తల్లుల కొంగుల్లో దూరారు. వీధి చివర కుక్క కూడా మొరగడం మానేసింది.

తల్లి గోడ పట్టుకుని లేచింది. చెవి అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఆ మూల ఉన్నది వాడు కుర్రాడప్పటి గొంతు" అంది తీర్పు చెప్పినట్టు. "ఎప్పటి మాటో అది. ఇప్పుడు మాట్లాడేవాడు ఇక్కడున్నాడు." దర్జీ టేపు నలిగి, సాగి, మూలిగి ఆగిపోయింది.

"అత్తయ్యా, ఆగండి! మీ కొడుకు మీ పక్కనే ఉన్నాడు" అని కోడలు కాళ్లకి అడ్డం పడింది.

ఆయన పరుగున వచ్చి తల్లి రెండు చేతులూ పట్టుకున్నాడు. అరచేయి నొక్కాడు. ఒకసారి, మళ్లీ, మళ్లీ. ఆవిడ ఆగింది. ఆ వేళ్లని ప్రేమగా నిమిరింది.

"నువ్వా నాయనా? మంచివాడివి. ఇన్నాళ్లూ అన్నం తినిపించావు. నా కొడుకే కదూ నిన్ను పనికి పెట్టాడు? ఇక చాల్లే, వాడొచ్చాడు. నువ్వూ మీ ఇంటికి పో. మీ అమ్మ చూస్తూ ఉంటుంది."

చేతులు విడిపించుకుని ఆవిడ నడిచింది. "అమ్మా, రా. అమ్మా, నేనున్నాను" అంటోంది వ్యాను. గొంతు వచ్చే వైపు తిన్నగా, తడబడకుండా, చూపున్న మనిషిలా నడిచింది. డ్రైవరు కళ్లు దించుకుని చెయ్యి అందించాడు. ఆవిడ ఎక్కి కిటికీ పక్కన కూర్చోగానే ఎదురింటావిడ లోపలికి వెళ్లింది. బయటికి వచ్చేటప్పుడు చంకలో మూట ఉంది. ఆ పక్కింట్లో మంచం జరుపుతున్న చప్పుడు. దర్జీ ప్లేయరు మూత పెట్టేశాడు.

ఆయన వ్యాను దాకా పరుగెత్తాడు. తలుపు అంచు పట్టుకుని లోపలికి వంగి, తల్లి మొహానికి మొహం పెట్టి, పొట్టలోంచి ఉన్న సత్తువంతా లాగి అరిచాడు. మెడ దగ్గర గుడ్డ ఎగిరి పక్కకి పడింది. రంధ్రంలోంచి ఊపిరి బుస్సున వచ్చి ఆవిడ చెంపకి కొట్టింది, నుదుటి మీది తెల్లవెంట్రుకలు కదిలాయి.

ఆవిడ కొంగు చెవుల మీదికి లాక్కుని, పైన హారన్ల వైపు తలెత్తింది.

"గాలి కొడుతోంది నాయనా, తలుపెయ్యి" అంది.

డ్రైవరు ఆయన వేళ్లని ఒక్కొక్కటే విడదీసి, తలుపు వేశాడు.